‘అన్నా, పడుకున్నావా’: టీకా తాత్పర్య సహితము

మూలము (వాట్సాప్, రాత్రి 11:40):
“అన్నా, పడుకున్నావా? ఆల్బమ్‌లో మా మేనమామ లేడంట. రా ఫైల్స్ మొత్తం ఇచ్చెయ్, మేమే చూసుకుంటాం. బ్యాలెన్స్ బాబాయ్ చూస్తాడు.”

అవతారిక: పెళ్లయిన రెండు నెలలకు పెళ్లికూతురి తమ్ముడు ఫోటోగ్రాఫరుతో ఇట్లనుచున్నాడు.

ప్రతిపదార్థము:
అన్నా = ఓ అన్నా! అడ్వాన్సు నాడు ఇతడే ‘ఫోటోగ్రాఫర్ గారూ’ అన్నాడు. చుట్టరికం కలిసేకొద్దీ బాకీ వసూలు కష్టమని గ్రహించునది.
పడుకున్నావా = నిద్రించితివా? పడుకున్నా సరే లెమ్మని ధ్వని.
లేడంట = లేడని వినికిడి. కనబడకపోవడమే లేకపోవడానికి ప్రమాణమని మీమాంసకుల్లో భాట్టుల మతం. నేల మీద కుండ కనబడకుంటే కుండ లేనట్టే. ఇక్కడ అది చెల్లదు. గంపలో పెళ్లికూతుర్ని తెస్తున్న ఫోటోలో మేనమామ మోచెయ్యి, పగడపుటుంగరం స్పష్టంగా ఉన్నవి. మొహానికి మాత్రం మూడు సెల్‌ఫోన్లు అడ్డం లేచినవి. అందులో ఒకటి ఈ వాక్యకర్తదే.
రా ఫైల్స్ = కెమెరాలోంచి దిగిన పచ్చి సరుకు. రంగు దిద్దనిది.
చూస్తాడు = తద్ధర్మార్థకము. భవిష్యత్తని భ్రమపడరాదు. బాబాయ్ ఎల్లకాలమూ చూస్తూనే ఉండును.

శాస్త్రచర్చ: ‘తీసినవాడిదే ఫోటో’ అని పూర్వపక్షం. స్టూడియోల్లో చాలామంది నమ్మకమిదే, కానీ నిలవదు. డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోకు, వేరే ఒప్పందం లేనప్పుడు, తీయించుకున్నవారే తొలి హక్కుదారులని 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్. ‘వేరే ఒప్పందం లేనప్పుడు’ అన్న ముక్కలోనే ఫోటోగ్రాఫరు ప్రాణమంతా ఉంది. విజిటింగ్ కార్డు వెనక ‘ఆల్బమ్ ఒకటి, 40 షీట్లు’ అని గీకితే అది ఆ ‘వేరే ఒప్పందం’ అనిపించుకోదు. రా ఫైల్స్ ఇస్తారా, హక్కులెవరివి, డిజైన్లో మార్పులు ఎన్నిసార్లు, ఫోన్లు ఎన్ని గంటల దాకా, బ్యాలెన్సు ప్రింటుకు ముందా తర్వాతా: ఇవన్నీ అడ్వాన్సు చేతిలో పడకముందే రాసి సంతకం పెట్టించుకోవలె. అప్పుడైతే ఎవరికీ కోపం రాదు. ఎదుటివాళ్లు ముహూర్తం హడావుడిలో ఉంటారు. మన ఫోటోగ్రాఫరు, అదృష్టవశాత్తు, పెట్టించుకున్నాడు.

తాత్పర్యము: డబ్బివ్వము, నిద్రపోనివ్వము, పచ్చి ఫోటోలకు ఫిల్టర్లు పూసి స్టేటస్‌లో పెట్టి, కింద నీ స్టూడియో పేరే వేసెదము అని భావము.

ప్రత్యుత్తరము (మర్నాడు ఉదయం 10 గంటలకు): “నమస్తే అండీ. రా ఫైల్స్ మన అగ్రిమెంట్‌లో లేవు. మేనమామ గారి ఫోటోలు వెతికి సాయంత్రానికి పంపుతాను. బ్యాలెన్స్ అందగానే ఆల్బమ్ ప్రింటుకు వెళ్తుంది.”

పాఠాంతరము: ‘సరే అన్నా, డ్రైవ్‌లో పెట్టేస్తా’ అని కొన్ని ప్రతులలో కలదు. అది నిద్రమత్తులో ఉన్న లేఖకుని దోషము.