గాలిమోటరు పద్యానికి టీక, తాత్పర్యం

మూలం:

నాలుగేసి నాళ్ళు నామమాత్ర చదువు
మూడు నాళ్ళు గాలి మోటరందు
తిరిగి యింటి కేగి తెలిపె మిత్రులతోడ
ఇటలి తన్ను మార్చె నిట్టు లనుచు

అవతారిక: ఈ చాటువు చెప్పినవాడు ఫ్లోరెన్సులో ఎమ్మెస్సీ చదువుతూ, సాంతా క్రోచే చర్చి పక్క సందులో ఒక రొట్టెల అంగట్లో సాయంత్రం పూట పనిచేసే తెలుగు కుర్రవాడని వినికిడి. విద్యార్థి పర్మిట్ మీద ఉన్నవాళ్ళు ఇటలీలో వారానికి 20 గంటలు పని చేసుకోవచ్చు. మిగతా గంటల్లో పద్యాలు అల్లరాదని ఏ చట్టంలోనూ లేదు. ఛందస్సు ఆటవెలది. యతులు సరిపోయాయి. గల్లాపెట్టె దగ్గర నిలబడి రాసినదానికి అంతకంటే అడగకూడదు.

"తెలిపె" అన్న క్రియకు కర్త ఎవరని మొదటి శంక. అమెరికా నుంచి ఒక సెమిస్టరు కోసం వచ్చిన విద్యార్థి అని సమాధానం. సాంతా క్రోచే వీధుల్లో సాయంత్రం ఆరు దాటాక కర్తను వెతకనక్కర్లేదు, తప్పించుకుని నడవడమే కష్టం. పాత తెలుగులో "తెలిపె" అంటే వాడికీ ఆమెకీ కూడా సరిపోతుంది. అదీ కలిసొచ్చింది. ఇలా విదేశాలకు చదువుకు వెళ్ళే అమెరికన్లలో మూడింట రెండు వంతుల మంది అమ్మాయిలే.

ఈ సంప్రదాయానికి మూలపురుషుడు డెలావేర్ విశ్వవిద్యాలయంలో ఫ్రెంచి పాఠాలు చెప్పిన రేమండ్ కర్క్‌బ్రైడ్. 1923లో ఆయన ఎనిమిది మంది విద్యార్థులను ఓడ ఎక్కించి ఫ్రాన్సు తీసుకుపోయాడు. అక్కడి కుటుంబాల ఇళ్ళలో ఉండి, అక్కడి భాషలో ఏడాది చదవాలని నియమం. ఫ్లోరెన్సుకు సిరక్యూజ్ విశ్వవిద్యాలయం 1959లోనే వచ్చింది. న్యూయార్క్ విశ్వవిద్యాలయానికైతే హెరాల్డ్ ఆక్టన్ అనే దొర 1994లో కన్నుమూస్తూ విల్లా లా పియెత్రా అనే మేడను తోటలతో, చిత్రాలతో సహా రాసిచ్చాడు. మధ్యలో, తరవాత ఇంకా చాలామంది వచ్చారు. ఓడ పోయి విమానం వచ్చింది, ఏడాది పోయి సెమిస్టరు వచ్చింది. ఇప్పుడు సగానికి మించి వేసవి సెలవుల్లోనో కొద్ది వారాల్లోనో ముగించుకుని పోయేవాళ్ళే. కవి ఎత్తుకున్నది మాత్రం సెమిస్టరువాళ్ళను.

ఇక టీక.

నాలుగేసి నాళ్ళు: సోమవారం మొదలు గురువారం దాకా. చాలా కార్యక్రమాల్లో శుక్రవారం తరగతి ఉండదు. క్షేత్ర పర్యటనల కోసమని కాగితం మీద ఉంటుంది.

నామమాత్ర చదువు: సంస్కృత పదాన్నీ తెలుగు పదాన్నీ ఇలా జత కలిపితే వైరి సమాసమని లాక్షణికులు అలుగుతారు. అలగనివ్వండి, ఆ చదువు అలాంటిదే. పాఠాలు ఇంగ్లీషులో. కొన్ని విశ్వవిద్యాలయాలు ఇక్కడి మార్కులను గ్రేడు లెక్కలో కలపకుండా, ప్యాసా ఫెయిలా అని మాత్రమే చూస్తాయి. అయినా ఈ విశేషణం దగ్గర కవి కొంచెం తొందరపడ్డాడని నా అభిప్రాయం. చిత్రకారుడు మసాచ్చో గురించి పాఠం ఉన్న రోజున మేష్టారు తరగతిని వెంటబెట్టుకుని ఆర్నో నది దాటి, కార్మినే చర్చిలో బ్రాంకాచ్చి మందిరంలో ఆయన గోడచిత్రాల కిందే నిలబెట్టి చెబుతాడు. ఆరువందల ఏళ్ళ కిందటి ఆ గోడ మీద, ఏదెను తోట నుంచి గెంటేసిన ఆదాము ముఖం కప్పుకుని, హవ్వ నోరు తెరిచి ఏడుస్తూ నడుస్తున్నారు. మన ఊళ్ళలో ఫైనార్ట్స్ చదివే పిల్లలు దీన్ని పుస్తకంలో అగ్గిపెట్టంత బొమ్మగా చూసి పరీక్ష రాస్తారు. ఆ గుంపులో నలుగురు ఫోను చూసుకుంటూ ఉండొచ్చు. మిగతావాళ్ళు తలెత్తి చూస్తున్నారు కదా. ఇట వ్యాఖ్యాతకు కలిగినది విమర్శ కాదు, అసూయ.

మూడు నాళ్ళు: శుక్ర, శని, ఆదివారములు.

గాలి మోటరందు: అనగా చవక విమానంలో. ఈ మాట వినగానే తెలంగాణ పాఠకుడికి వాళ్ళ తాత గుర్తొస్తాడు. గురువారం రాత్రి పీసాకో బొలోన్యాకో రైలెక్కి, సీటు కింద పట్టే కొలతకు కుదించిన సంచీతో ఒకవారం బార్సిలోనా, ఒకవారం ప్రాగ్. మ్యూనిక్‌లో బీరు తిరునాళ్ళకు పేరు అక్టోబరుదే గాని ఆరంభం సెప్టెంబరులోనే కాబట్టి, సెమిస్టరుకు వచ్చీరాగానే ఆ యాత్ర. ఫ్లోరెన్సులో ఉండటానికి వచ్చి ఫ్లోరెన్సులో ఉండకపోవడం ఇక్కడి విరోధాభాసాలంకారం. పరిహారం ఏమిటంటే, సామాను ఫ్లోరెన్సులోనే ఉంటుంది.

మన కవి వెళ్ళకూడదా? భేషుగ్గా వెళ్ళొచ్చు. చేతిలో ఇటలీ పర్మిట్ ఉంటే బార్సిలోనాకు వేరే వీసా అక్కర్లేదు. చట్టం అడ్డురాదు, శనివారం షిఫ్టు అడ్డొస్తుంది. గల్లా దగ్గర నిలబడి "ఈవారం ఎక్కడికి?" అని అడుగుతాడు, వాళ్ళు చెబుతారు, రొట్టెలో ఏం పెట్టమంటారని అడుగుతాడు. ఆ రకంగా ఐరోపా భూగోళం అతనికి బాగానే వచ్చింది.

పద్యంలో మద్యం ప్రస్తావన లేకపోవడం కవి మర్యాద. అమెరికాలో 1984 నాటి చట్టం పుణ్యాన 21 నిండేదాకా సీసా కొనరాదు. ఇటలీలో 18 చాలు. పందొమ్మిదేళ్ళ పిల్లవాడికి విమానం దిగగానే రెండేళ్ళు కలిసొచ్చినట్టయింది. ఊరివాళ్ళు ఏడింటికి ఒక గ్లాసు ముందు పెట్టుకుని, నాలుగు ఆలివ్ కాయలు నములుతూ గంటన్నర కబుర్లు చెప్పుకుంటారు. అతిథులు ఆ గంటన్నరనూ గ్లాసులతో కొలుస్తారు. రాత్రి రెండింటికి సందులో పాట మొదలైతే పై అంతస్తు ముసలమ్మ కిటికీ తెరిచి చెప్పే మాటలు ఇటాలియన్ మొదటి తరగతి పుస్తకంలో లేనివి. ఊరికి వాళ్ళ మీదే కోపం అనుకోకండి, తినే గుంపులందరి మీదా ఉంది. 2018లో నగరపాలకులు నేరి వీధిలోనూ చుట్టుపక్కలా భోజన వేళల్లో కాలిబాట మీదా గడపల మీదా ఆగి తింటే 150 నుంచి 500 యూరోల దాకా జరిమానా అన్నారు. ఆ వీధిలో అమ్మేదేమో నిలబడి తినే రొట్టెలే.

తిరిగి, యింటికి, ఏగి: ఈ మూడూ తేలిక మాటలని ప్రతిపదార్థకారులు దాటేస్తారు. నన్నడిగితే పద్యానికి ఇదే నాభి. తిరిగి ఇంటికి ఏగుట అనేది టిక్కెట్టులోనే ఉంది, తేదీతో సహా. వచ్చిన రోజునే పోయే రోజు తెలిసినవాడి చూపు వేరు. కార్యక్రమం వాళ్ళు విమానాశ్రయంలో ఎదురొస్తారు, అద్దె ఇంటి తాళం చేతికిస్తారు, జ్వరమొస్తే ఇంగ్లీషు మాట్లాడే డాక్టరు నంబరు ఇస్తారు, గ్యాసు పొయ్యి వెలగకపోతే మనిషిని పంపుతారు. విడిదిలో దిగిన మగపెళ్ళివారన్నమాట. కాఫీ చల్లారిందని అలగడంతో సహా. వీళ్ళలో చాలామంది ప్రైవేటు విశ్వవిద్యాలయాలవాళ్ళు, సొంత ఊళ్ళో కట్టే ఫీజే ఇక్కడా కడతారు. ఆ ఫీజులో పాఠం వాటా ఎంతో, ఒడుదొడుకు తగలకుండా చూసుకునే వాటా ఎంతో ఎవరూ విడదీసి చూపరు.

ఆ విడిదికి గోడ లేని చోటు చాలాకాలం ఒకటుండేది. తపాలా ఆఫీసు. మూడు నెలలకు మించి ఉండదలచిన ఐరోపా సమాఖ్య బయటి విదేశీయుడు ఎవరైనా, అమెరికా అయినా ఆదిలాబాదు అయినా, దిగిన ఎనిమిది పని దినాల్లో అక్కడికి వెళ్ళి, నివాస పర్మిట్ ఫారాల కవరు నింపి, 16 యూరోల రెవెన్యూ స్టాంపు అంటించి ఇవ్వాల్సి వచ్చేది. ఆ వరసలో ముందు సెనెగల్ నుంచి వచ్చి సంచులమ్ముకునే అతను, వెనక ముసలివాళ్ళకు సేవ చేసే ఫిలిప్పీన్స్ అమ్మ, పక్కన చంటిబిడ్డతో బంగ్లాదేశ్ ఇల్లాలు. మధ్యలో విశ్వవిద్యాలయం పేరున్న ఎర్ర చొక్కా వేసుకున్న మన పద్య నాయకుడు. ఫారం అతనికి కార్యక్రమం వాళ్ళే నింపి ఇచ్చేవారు. అయినా టోకెను నంబరు నంబరే. కిటికీ అవతలి ఉద్యోగిని అతని ముఖం చూసి చిరునవ్వు నవ్వేది కాదు, ఇంగ్లీషు మాట్లాడేది కాదు. ఆ గంటసేపు అతను ఇటలీలో ఉండేవాడు. తరవాత పోలీసు కార్యాలయంలో వేలిముద్రలు, కొన్ని నెలల నిరీక్షణ. చాలాసార్లు ఆ కార్డు తయారయ్యేసరికి నాయకుడు "ఏగి" ఉండేవాడు.

అదే వరసలో మన కవి సంగతి చూడండి. ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో ఫీజు ఇంటి ఆదాయాన్ని బట్టి. ఆదాయం తక్కువైతే ఫీజు మాఫీ, స్టైపెండు, విద్యార్థి భోజనశాలలో ఉచితంగా తిండి. మన పిల్లలు అమెరికా అప్పులకు జడిసి ఇటలీ దారి పట్టింది దీనికోసమే. ఆదాయం తక్కువని నిరూపించాలి కాబట్టి వాళ్ళ నాన్న మండలాఫీసు చుట్టూ తిరిగి ధ్రువపత్రం తీయించాడు. దాన్ని ఇటాలియన్‌లోకి మార్పించి, దాని మీద ముద్ర వేయించి, ఆ ముద్ర నిజమని ఇంకో ముద్ర వేయించి పంపాడు. సొంత ఇల్లు ఎంతుందో కూడా చెప్పాలి. గజాలు ఇక్కడ చెల్లవు, చదరపు మీటర్లు కావాలి. పాస్‌పోర్టు పోతే నాయకుడికి అమెరికా కాన్సులేటు ఆర్నో ఒడ్డునే ఉంది, నడిచి వెళ్తాడు. మన రాయబార కార్యాలయం రోములో, కాన్సులేటు మిలాన్‌లో. ఏదైనా రైలు ఖర్చే.

పూర్వపక్షం: అందరూ కలిగినవాళ్ళ పిల్లలేనా? కాదు. అమెరికా ప్రభుత్వమే 2000లో చట్టం చేసి, పేద విద్యార్థుల కోసం గిల్మన్ పేరిట ఉపకారవేతనం పెట్టింది. అలా వచ్చినవాళ్ళను కవి గుర్తుపడతాడు. ధరల పట్టిక మొత్తం చదువుతారు. రొట్టె సగం కాగితంలో చుట్టి రాత్రికి దాచుకుంటారు. వాళ్ళ మీద అతను పద్యం చెప్పలేదు.

తెలిపె మిత్రులతోడ: తిరిగొచ్చి చెప్పడం వాళ్ళ దేశంలో పాత సాహిత్య ప్రక్రియ. మార్క్ ట్వైన్ 1867లో యాత్రికుల ఓడెక్కి వచ్చి, 1869లో పుస్తకం వేసి, ఐరోపాను సగం, తోటి అమెరికన్లను సగం వెక్కిరించాడు. ఫ్లోరెన్సు వచ్చి, నీళ్ళు చాలని ఆర్నోను పట్టుకుని నదంటారేమిటని నవ్విపోయాడు. ఆ మాట ఆర్నో మనసులో పెట్టుకున్నట్టుంది, ఆ సంగతి కింద వస్తుంది.

ఇటలి తన్ను మార్చె: తనను మార్చింది అని ఒక అర్థం. "ఇటలి తన్ను" అని విడదీస్తే ఇటలీ తన్నిన తన్ను మార్చింది అని రెండో అర్థం. పటంలో ఆ దేశం బూటు ఆకారంలోనే ఉంది కనుక ఈ శ్లేష కల్పితం కాదని కవి మిత్రుల వాదం. మొదటి అర్థానికి ప్రమాణాలు: కాఫీ నిలబడి తాగుట, మెడకు గుడ్డ చుట్టుట, సొంత ఊరి పిజ్జాను చూసి పెదవి విరుచుట. రెండో అర్థానికి ప్రమాణం చాలామందిలో దొరకదు. తన్ను తగలకుండానే కదా ఇంట్లోవాళ్ళు అంత ఫీజు కట్టింది.

దొరికిన కాలం ఒకటుంది. 1966 నవంబరు 4న ఆర్నో పొంగింది. సాంతా క్రోచే పరిసరాలన్నీ మునిగాయి. జాతీయ గ్రంథాలయం నది ఒడ్డునే ఉంది, దాని నేలమాళిగల్లో లక్షల పుస్తకాలు బురదపాలయ్యాయి. అప్పుడు ఊళ్ళో ఉన్న విద్యార్థులు, ఎక్కడెక్కడి నుంచో వచ్చిన కుర్రకారు మోకాళ్ళలోతు బురదలో దిగి, మెట్ల మీద వరసకట్టి, పుస్తకాలను చేతులు మార్చుకుంటూ పైకి చేరవేశారు. వాళ్ళకు బురద దేవదూతలని పేరు వచ్చింది. అందులో సెమిస్టరు చదువుకు వచ్చిన అమెరికన్ పిల్లలూ ఉన్నారు. మురుగునీళ్ళు, చలి, నూనె కంపు. వాళ్ళు ఇంటికి పోయి "ఇటలీ నన్ను మార్చింది" అని ఉంటే, పద్యంలో "ఇట్టులు" అన్న మాటకు అర్థం ఉంటుంది. అప్పటివాళ్ళు మంచివాళ్ళు, ఇప్పటివాళ్ళు కాదని కొందరు దీన్నుంచి తీర్మానిస్తారు. అది సాధువు కాదు. అప్పటివాళ్ళూ అంతకు ముందువారం దాకా ద్రాక్షసారాయి తాగుతూ తిరిగినవాళ్ళే అయ్యుంటారు. వరద వాళ్ళ కార్యక్రమ పట్టికలో లేదు, అంతే తేడా.

ఇట్టులు: ఎట్టులు అన్నది నాయకుడు ఇంతవరకు వివరించలేదు.

అనుచు: స్పష్టం.

పాఠాంతరం: ఈ మధ్య బొలోన్యాలో చదివే ఇంకో తెలుగు కుర్రవాడు నాలుగో పాదంలో "ఇటలి" ఉంచి, రెండో పాదంలో "గాలి మోటరందు" తీసి "గిన్నె కడుగుటందు" అని దిద్దాడట. యతి చెడింది. అర్థం మాత్రం కుదిరింది. అతను కూడా పీసా గోపురాన్ని చేత్తో నిలబెడుతున్నట్టు ఫోటో దిగి వాట్సాప్‌లో పెట్టాడు, గిన్నెల ఫోటో పెట్టలేదు. వాళ్ళ పెద్దమ్మ "వీడికేం, దేశాలు తిరుగుతున్నాడు" అంది.

ఫలశ్రుతి: ఈ పద్యాన్ని అర్థసహితంగా చదివినవారికి మూడు క్రెడిట్లు. పరీక్ష లేదు, హాజరు తప్పనిసరి, శుక్రవారం సెలవు. ఆ క్రెడిట్లు సొంత విశ్వవిద్యాలయంలో చెల్లుతాయో లేదో బయల్దేరకముందే సలహాదారు చేత రాయించుకోవలెను. తరవాత అడిగితే వ్యాఖ్యాత బాధ్యుడు కాడు.