కాగితానికి ముందువైపు

స్పానిష్‌లో ‘వెన్‌సేర్’ అంటే ఓడించడం, ‘కొన్‌వెన్‌సేర్’ అంటే ఒప్పించడం. రెండూ ఒకే లాటిన్ ధాతువు బిడ్డలు. రెండోదాని కడుపులో మొదటిది అక్షరం పొల్లుపోకుండా ఉంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు తడబడేది అందుకే. తేడా తెలియాలంటే ఎదుటివాడి వైపు నుంచి చూడాలి. మొదటి క్రియలో వాడు కింద పడితే చాలు, పని పూర్తయినట్టే. రెండోది పూర్తవ్వాలంటే వాడు తనంతట తాను ‘సరే’ అనాలి. ఆ ‘సరే’ తుపాకీతో రాదు.

ఈ తేడా కోసం ఒక పెద్దాయన ప్రాణాలకు తెగించాడు.

1936 అక్టోబర్ 12. స్పెయిన్‌లో అంతర్యుద్ధం మొదలై మూడు నెలలవుతోంది. సాలమాంకా విశ్వవిద్యాలయంలో సభ. అధ్యక్షస్థానంలో రెక్టర్ మిగెల్ దె ఉనమునో, 72 ఏళ్ల రచయిత, తత్త్వవేత్త. వేదిక మీద తిరుగుబాటు సైన్యాధిపతి జనరల్ ఫ్రాంకో భార్య, ఊరి బిషప్పు, యుద్ధాల్లో ఒక కన్నూ ఒక చెయ్యీ పోగొట్టుకున్న జనరల్ మిల్యాన్ ఆస్త్రాయ్. సైన్యం తిరుగుబాటును ఉనమునో మొదట్లో సమర్థించాడు. ఆ తర్వాతే తన మిత్రులు ఒక్కొక్కరూ జైలుపాలవడం, శవాలవడం చూశాడు.

ఆ రోజు ఆయన ప్రసంగించాల్సిన పనే లేదు. కానీ ఒక వక్త లేచి కటలాన్లనూ బాస్క్ జనాన్నీ స్పెయిన్‌కు శత్రువులన్నట్టు తిట్టిపోశాడు. ఉనమునో బిల్బావోలో పుట్టిన బాస్క్. జేబులోంచి ఒక కాగితం తీసి, దాని వెనక ఖాళీలో గబగబా కొన్ని మాటలు రాసుకుని లేచాడు. ఓడించడం వేరు, ఒప్పించడం వేరు అన్నాడు. నిండా సైనికులున్న హాల్లో, ఫ్రాంకో భార్య వింటుండగా! వ్యాకరణాన్ని ఇంత ధైర్యంగా వాడిన పండితుడు నాకు ఇంకొకరు కనిపించలేదు. సభ అట్టుడికింది. ఆస్త్రాయ్ కేకలు పెట్టాడు.

రెండు వారాలు తిరక్కముందే రెక్టర్ పదవి ఊడింది. ఇల్లే జైలైంది. ఆ డిసెంబర్ 31న ఉనమునో కన్నుమూశాడు.

ఆయన ఏ మాట తర్వాత ఏ మాట అన్నాడన్నది తలా ఒక రకంగా చెబుతారు. కాగితం మాత్రం మిగిలింది. ఆయన చేతిరాతలో ఆ రెండు క్రియలూ పక్కపక్కనే ఉన్నాయి. ఈ కథ చెప్పే ప్రతివాళ్లూ ఆ వైపే చూపిస్తారు.

రెండోవైపు ఒక ఉత్తరం ఉంది. ఆ ఊళ్లోని ప్రొటెస్టెంట్ పాస్టర్ అతిలానో కోకో ఉనమునోకి స్నేహితుడు. ఆయన్ని ఫ్రీమేసన్ అని జైల్లో పెడితే, విడిపించడానికి సాయపడమని ఆయన భార్య రాసిన ఉత్తరం అది.

పాస్టర్‌ను డిసెంబర్‌లో చంపేశారు.