ఐదు డబ్బాల అన్నం

రోజూ పొద్దున్న ఏడున్నరకు సింగపూర్ తువాస్‌లోని ఒక షిప్‌యార్డులో అరవై మందిని నిలబెట్టి జాగ్రత్తలు చెప్పడం నా ఉద్యోగం. బెల్టు కొక్కెం తగిలించావా, గ్యాసు పరీక్ష అయిందా, ట్యాంకులోకి దిగేముందు పైన కాపలా మనిషి ఉన్నాడా. దీన్ని మా దగ్గర టూల్‌బాక్స్ మీటింగ్ అంటారు. పద్నాలుగేళ్ళుగా చెబుతున్నాను. అలాంటివాణ్ణి, ఒక సోమవారం మధ్యాహ్నం రెండున్నరకు, నా చేత్తో నేనే వండుకున్న అన్నం తిని, హెల్మెట్ తీసే వ్యవధి కూడా లేక యార్డు మరుగుదొడ్డి గోడ పట్టుకుని కడుపులో ఉన్నదంతా కక్కుకున్నాను.

వంట మొదలుపెట్టింది డబ్బు మిగుల్చుకుందామని. డార్మిటరీలో ఉండే మాలాంటి వాళ్ళకు కేటరింగ్ పొట్లాలు వస్తాయి. అర్ధరాత్రి దాటాక వండి, తెల్లవారకముందే తెచ్చి పడేస్తారు. పొద్దున్నది పొద్దున్న తింటాం. మధ్యాహ్నం పొట్లం సంచిలో పడి మాతోపాటే యార్డుకు వస్తుంది, పన్నెండింటిదాకా ఉక్కలో ఉడుకుతుంది. విప్పితే సాంబారు పులిసిన వాసన. వండిన నాలుగు గంటల్లో తినెయ్యాలని ఇక్కడి అధికారులు చెబుతారు. ఆ మాట పోస్టర్ల మీద చూసి నేనే మా కుర్రాళ్ళకు చదివి వినిపించాను. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ముందుముందు నాకు ఉరితాడు అవుతుంది.

సరే, కేటరింగ్ మానేశాను. ఆదివారం తువాస్ లింక్ స్టేషన్లో రైలెక్కాను. పడమటి కొసన అదే ఆఖరి స్టేషను, 2017లో తెరిచారు. అవుట్రమ్ పార్కులో రైలు మారి, గంటకు పైగా ప్రయాణం చేసి ఫారర్ పార్కులో దిగి, ముస్తఫా దుకాణంలో మూత బిగిసే గాజు డబ్బాలు ఐదు, ఐదు కేజీల సోనామసూరి, పప్పులు కొన్నాను. శనివారం రాత్రి వంట, సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకో డబ్బా. లెక్క అంతే. అక్కడితో ఆగి ఉంటే ఈ స్వగతం రాసే అగత్యమే ఉండేది కాదు.

మా గదిలో తుని కుర్రాడొకడు ఉన్నాడు. వాడి దగ్గర మంచి ఫోను ఉంది. 'అన్నా, ఇది వీడియో తీసి పెడితే ఎంతమంది చూస్తారో!' అన్నాడు. ఆ ఒక్క మాట చాలింది. అప్పటికే నేను తెనాలి దగ్గర గుడివాడ కర్రె మస్తానమ్మ గారి వంటల ఛానెల్ రాత్రిళ్ళు పడుకుని చూసేవాణ్ణి. 2016లో మొదలైన ఆ ఛానెల్‌ను, నూరేళ్ళు దాటిన ఆ ముసలమ్మ 2018 డిసెంబరులో పోయేనాటికి పది లక్షలమందికి పైగా అనుసరిస్తున్నారు. పొలంగట్టున మూడు రాళ్ళ పొయ్యి మీద ఆవిడ చేసిందే నేను గ్యాసు పొయ్యి మీద చెయ్యలేనా అనుకున్నాను. ఆవిడ వండింది వండినట్టే ఆకుల్లో వడ్డించేసేది, పొగలు పోకముందే జనం తినేసేవాళ్ళు. ఆ ముక్క నా కంటికి ఆనలేదు. చూసినవాళ్ళ లెక్క మాత్రమే ఆనింది.

తువాస్ ఒకప్పుడు జాలరిపల్లె. సముద్రంలో కొబ్బరాకులు పరిచి నీడ కల్పిస్తే ఆ కిందికి చేపలు చేరేవట, అప్పుడు వల ఎత్తేసేవారట. మలయ్ భాషలో ఆ వేట పేరే ఊరి పేరయిందంటారు. నేనూ ఆకులు పరిచాను. చేపలకంటే ముందు నేనే వలలో పడ్డాను.

మొదటి వీడియో చీకటిగా వచ్చింది. వంటగదిలో ట్యూబులైటు కింద బీన్స్ వేపుడు నాచు రంగులో కనిపించింది. తుని కుర్రాడు పరిష్కారం చెప్పాడు: పొద్దుటి వెలుతురు. కాబట్టి రెండో వారం శనివారం రాత్రి తొమ్మిదికి అన్నం, పప్పు, క్యారెట్ బీన్స్ వేపుడు, కోడిగుడ్లు వండేసి ఐదు డబ్బాల్లో అందంగా సర్దాను. మూతలు పెడితే ఆవిరి పట్టి గాజు మసకబారుతుంది. అందుకని మూతలు పెట్టలేదు. ఫ్రిజ్‌లో పెడితే బయటికి తీశాక గాజుకు చెమట పడుతుంది. అందుకని ఫ్రిజ్‌లోనూ పెట్టలేదు. పైన పల్చటి గుడ్డ కప్పి పడుకున్నాను. ఆదివారం ఎనిమిదిన్నరకు కిటికీలోంచి బంగారంలాంటి వెలుగు వచ్చింది. కొత్తిమీర చల్లి, అన్నం మెరవడానికి నూనె చుక్కలు రాసి, వీడియో తీసి, అప్పుడు మూతలు బిగించి ఫ్రిజ్‌లో పెట్టాను. వీడియో పేరు 'వారమంతా తాజా భోజనం'.

లెక్క మీరే వేసుకోండి. పదకొండున్నర గంటలు. సింగపూర్‌లో రాత్రిపూట కూడా గదిలో ఉక్కగానే ఉంటుంది. 5 డిగ్రీలకూ 60 డిగ్రీలకూ మధ్య క్రిములు పెరుగుతాయని నా సేఫ్టీ ఫైల్లోనే రాసి ఉంది.

అన్నానికి సంబంధించిన క్రిమి పేరు బాసిల్లస్ సీరియస్. బియ్యంలో దాని విత్తుల్లాంటివి ఉంటాయి, ఎసట్లో మరిగినా చావవు. అన్నం గోరువెచ్చగా బయట పడుంటే అవి మేలుకుని పెరిగి విషం వదులుతాయి. వాసన రాదు, రుచి మారదు. ఆ విషం 121 డిగ్రీల్లో గంటన్నర ఉంచినా విరగదు. అంటే సోమవారం క్యాంటీన్ మైక్రోవేవ్‌లో నేను పొగలు వచ్చేదాకా వేడిచేసింది విషాన్నే. బ్రిటన్‌లో 1970ల మొదట్లో చైనా హోటళ్ళ ఫ్రైడ్ రైస్ తిన్నవాళ్ళు ఇలాగే వాంతులు చేసుకున్నప్పుడు ఆరా తీస్తే, పెద్ద గంగాళాల్లో ఒకేసారి వండి రాత్రంతా బయట వదిలేసిన అన్నం దగ్గర తేలింది. నేను యాభై ఏళ్ళు ఆలస్యంగా అదే ప్రయోగం చేశాను, వెలుతురు కోసం.

క్లినిక్‌లో డాక్టరమ్మ 'ఏం తిన్నావు?' అంది. 'బయటి తిండి' అన్నాను. నిజం చెప్పడానికి నోరు రాలేదు. నా అస్వస్థత కాగితం నింపాల్సింది నేనే. కారణం అన్న గడిలో 'ఎండ దెబ్బ' అని రాశాను. ఇంకొకడు అలా రాస్తే నిలదీసేవాణ్ణి.

రాత్రి ఇంటికి ఫోన్ చేశాను. మాది పలాస పక్క పల్లె. అమ్మకు మాత్రం అబద్ధం చెల్లలేదు.

'అన్నం వండీసి రాత్రంతా ఒగ్గీసినావేటి?' అంది.

'ఇంట్లో నువ్వు చద్దన్నం పెట్టేదానివి కదమ్మా, మాకేం కాలేదే?'

'ఓరి పిచ్చోడా, నాను నీల్లెట్టి తరవాణి కుండలో ఎట్టీదాన్ని. అది పులుస్తాది. నువ్వు ఎండుగా ఒగ్గీసినావు, పాడైపోయింది. పులిసిందీ పాడైందీ ఒకటేట్రా?'

ఆవిడ బడికి వెళ్ళలేదు. పులుపు ఎక్కిన కుండలో ఆ క్రిములకు చోటు చిక్కదని పుస్తకం చెప్పేదాన్ని ఆవిడ ఒక్క ముక్కలో చెప్పేసింది. దూరప్రయాణానికి పులిహోరే ఎందుకు కట్టేదో, పొలానికి చోడి అంబలే ఎందుకు పంపేదో, వేసంగిలో పప్పు సాయంత్రానికి ఎందుకు మిగల్చనిచ్చేది కాదో ఆ రాత్రి మంచం మీద పడుకుని ఒక్కొక్కటే అర్థం చేసుకున్నాను.

అప్పటికైనా వీడియో తీసేశానా? లేదు. ఆ వారమే దాన్ని 2,600 మంది చూశారు. మొదటిదాన్ని 43 మంది చూస్తే అందులో సగం మా చుట్టాలే. ఉప్పు, పంచదార కలిపిన నీళ్ళ గ్లాసు ఒక చేతిలో, ఫోను ఇంకో చేతిలో. అంకె కదులుతుంటే కడుపునొప్పి తెలియలేదు. ఇది మాత్రం నన్ను నేను క్షమించుకోలేని సంగతి.

మూడు వారాలయ్యాక, మీటింగ్ ముగించి అందరూ కదులుతుండగా, కొత్తగా చేరిన రిగ్గరు కుర్రాడొకడు దగ్గరికి వచ్చాడు. టెక్కలి పక్కవాడు, ఇరవై రెండేళ్ళు. 'అన్నా, మీ వీడియో చూసి నేనూ ఐదు డబ్బాలు కొన్నాను. మీలాగే రాత్రి వండి, పొద్దున్న మూతెట్టి ఫ్రిజ్‌లో పెడుతున్నాను' అన్నాడు సంబరంగా. మధ్యాహ్నం వాడు ముప్పై అడుగుల ఎత్తున క్రేను తాడు కట్టాలి.

నాకు కాళ్ళు ఆడలేదు. వాడి సంచిలో డబ్బా తీయించి చెత్తబుట్టలో బోర్లించాను. వాడు బిత్తరపోయాడు. వాడికి అక్కడే నిలబడి మొత్తం చెప్పాను, ఎండ దెబ్బ అబద్ధంతో సహా. ఆ మధ్యాహ్నం క్యాంటీన్‌లో వాడికి భోజనం కొనిపెట్టి, వాడి ఎదురుగానే వీడియో తుడిచేశాను. మర్నాడు టూల్‌బాక్స్ మీటింగ్‌లో బెల్టు గురించి కాకుండా అన్నం గురించి మాట్లాడాను. జనం నవ్వారు. నవ్వనిచ్చాను.

ఇప్పుడూ శనివారం వండుతాను, అన్నం తప్ప. చింతపండు గుజ్జు తీసి పెడతాను, కందిపొడి, నువ్వులపొడి కొడతాను, కూరలు తరిగి పెడతాను. పప్పు, వేపుడు చేస్తే వెడల్పు పళ్ళెంలో పల్చగా పరిచి ఆరబెట్టి గంటలోపే ఫ్రిజ్‌లోకి తోస్తాను, మంగళవారం దాటనివ్వను. పన్నెండుమందికి ఒకటే ఫ్రిజ్, తలుపు రోజంతా తెరుచుకుంటూనే ఉంటుంది, దాన్ని అంతకంటే నమ్మలేం. అన్నం మాత్రం చిన్న కుక్కర్లో పొద్దున్న ఆరింటికి పెట్టి, నిమ్మకాయో చింతపండో పిండి పులిహోర కలుపుకుంటాను. ఐదు డబ్బాల్లో రెండు పగిలాయి, ఒకదాంట్లో ఎండుమిరపకాయలున్నాయి.

'వారమంతా తాజా భోజనం' అనే పేరుతో, గాజు డబ్బాల మీద పొద్దుటెండ పడుతున్న వీడియో మీ ఫోన్లో ఎక్కడైనా మిగిలి ఉంటే దయచేసి తుడిచేయండి. ఎవరికైనా పంపించి ఉంటే, వాళ్ళకూ ఒకసారి ఫోన్ చేసి చెప్పండి.