జట్టుంటే రాయబారే!

అమెరికాలో రాయబారి కావాలంటే రాయబారం తెలియక్కర్లేదు, జట్టుంటే చాలు! ఫుట్‌బాల్ జట్టు న్యూయార్క్ జెట్స్ యజమాని ఉడీ జాన్సన్ ట్రంప్ ఎన్నికలకు విరాళాలు పోగుచేశారు. 2017లో లండన్ కొలువు దక్కింది. జట్టును తమ్ముడికి అప్పగించి విమానమెక్కారు. నోరు జారకుండా ఉండడమే పనైన కొలువులో అయ్యవారు సిబ్బందితో అనుచితంగా మాట్లాడుతున్నారని 2020లో తనిఖీ అధికారులే రాశారు. అబ్బే, అదేం లేదన్నారాయన.

అందరూ ఒకటే అనలేం. 2009లో ఒబామా ఐర్లాండుకు పంపిన స్టీలర్స్ జట్టు అధిపతి డాన్ రూనీ కౌంటీలన్నీ చుట్టి జనంలో కలిశారు.

మన దగ్గర వరుస తిరగబడింది. చిరంజీవి ముందు కేంద్ర పర్యాటక మంత్రి, ఆ తర్వాత 2016లో కేరళ బ్లాస్టర్స్ ఫుట్‌బాల్ జట్టులో వాటాదారు.

ఇవన్నీ వింటే అండమాన్ తెలుగువాళ్లు నవ్వుతారు. వాళ్లకు అసెంబ్లీ లేదు, ఉన్నది ఒక్క ఎంపీ. లెఫ్టినెంట్ గవర్నర్‌ను ఢిల్లీయే పంపుతుంది. 2017లో వచ్చినవారు మాజీ నౌకాదళాధిపతి. అంతకుముందు మాజీ సైనికాధికారులూ వచ్చారు. కనుక ఆశావహులకో మనవి: అండమాన్ రాజధాని శ్రీ విజయపురంలోని లెఫ్టినెంట్ గవర్నర్ నివాసం కోసం ఫుట్‌బాల్ జట్టు కొని డబ్బు తగలేయకండి. బుద్ధిగా రిటైరైతే చాలు!