నాలుకకు లైసెన్సు ఇప్పించండి

తెలంగాణ మద్యనిషేధ, ఆబ్కారీ శాఖ కమిషనర్ గారికి, ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల నాలుకల తరఫున నమస్కరించి రాయునది.

అయ్యా, మా దగ్గర ఏ చౌరస్తాలో నిలబడ్డా ఒక ‘వైన్స్’ బోర్డు కనబడుతుంది. లోపల అమ్మేదంతా దాదాపు బీరు, విస్కీ, బ్రాందీ. వైన్ కావాలంటే పై అరలో దుమ్ము దులపాల్సిందే. అయినా బోర్డుకు వంక పెట్టలేం. నిషేధాన్నీ ఆబ్కారీనీ ఒకే పేరులో కాపురం పెట్టించి, తొడపాశం పెడుతూ తొట్టెల ఊపుతున్న శాఖ మీది. పెద్ద నగరాల్లో వైన్ క్లబ్బులవాళ్లు ‘టేస్టింగ్’ సాయంత్రాలు జరుపుతారు. గ్లాసును వెలుతురుకు పట్టి చూసి, వాసన పీల్చి, గుక్కెడు నోట్లో తిప్పి, చాలామంది ఉమ్మేస్తారు కూడా. అలాంటి సాయంత్రాలకే మేమూ అనుమతి అడుగుతున్నాం. మా గ్లాసులో ఉండేది మాత్రం ద్రాక్షరసం కాదు. మొదటి సాయంత్రం తాటికల్లు, రెండో సాయంత్రం ఈతకల్లు, మూడో సాయంత్రం ఇప్పసారా.

ఎందుకంటారా? మద్యం గురించి మీ శాఖకు తెలిసిన భాష ఒక్కటే, కొలత. క్వార్టర్, హాఫ్, ఫుల్. రాష్ట్రంలోని 2,620 దుకాణాలకు లక్కీ డ్రా తీస్తారు. 2025లో ఒక్కో దరఖాస్తుకు 3 లక్షలు కట్టించుకున్నారు, డ్రాలో పేరు రాకపోతే ఆ డబ్బు తిరిగి రాదు. ఎన్ని పెట్టెలు పోయాయి, ఎంత వచ్చింది అన్నదానికి పైసాతో సహా లెక్క ఉంటుంది. తాగేవాడి నోటికి ఏం తగిలిందో రాసుకునే గడి మాత్రం మీ రిజిస్టర్లలో లేదు. ఆ గడి లేకపోవడం వల్లే కల్తీకి ఇంత చోటు దొరికిందన్నది నా వాదన.

కల్లునే చూడండి. గౌడన్న మోకు, ముస్తాదు వేసుకుని తాడెక్కి, గెల కొన గీసి లొట్టి కడతాడు. బొట్టు బొట్టుగా దిగే నీరు తియ్యన. గాలిలోనూ లొట్టిలోనూ ఉండే ఈస్టు దాన్ని అప్పుడే పులియబెట్టడం మొదలుపెడుతుంది. పొద్దున తీపి, మధ్యాహ్నానికి నాలుక మీద చురుకు, మాపటికి ముఖం ముడుచుకునేంత పులుపు. పోతుతాడుది ఒక రుచి, పండుతాడుది ఇంకొకటి, ఈదులది వేరే. అంటే అసలు కల్లుకు గుర్తు దాని నిలకడలేనితనమే. పొద్దంతా ఒకే తీపి, ఊరూరా ఒకే మత్తు ఉందంటే అది చెట్టు నుంచి దిగింది కాదు, డిపోలో తయారైంది. నీళ్లకు శాకరిన్‌తో తీపి, అల్ప్రాజోలంతో మత్తు విడివిడిగా తెచ్చి కలిపితే చెట్టుతో పనేముంది? 2025 జూలైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి మనుషులు చనిపోయారు.

అల్ప్రాజోలాన్ని నాలుక పట్టలేదు కదా, దానికి ల్యాబ్ ఉంది కదా అంటారు. నిజమే. ల్యాబ్ పనిని నాలుకకు అప్పగించమనడం లేదు. కానీ ల్యాబ్‌కు శాంపిల్ వెళ్లేసరికి తరచూ ఆసుపత్రిలో మంచాలు నిండి ఉంటాయి. రుచి తెలిసినవాడు మొదటి గుక్కకే “ఇదేం కల్లు?” అంటాడు. నలుగురు ఆ మాట అన్నచోట డిపో బేరం సాగదు, చెట్టెక్కేవాడి బేరం సాగుతుంది.

ఇంతకన్నా బరువైన అభ్యంతరం ఆడవాళ్లది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం, మరుసటి ఏడాది అప్పటి ఉమ్మడి రాష్ట్రమంతా సారాను నిషేధించేదాకా నడిచింది. తాగుడుకు సాయంత్రాలు కట్టి ముస్తాబు చేస్తారా అని వాళ్లు అడిగితే ఆ ప్రశ్నకు ఎగతాళితో జవాబు చెప్పకూడదు. ఇంటి బియ్యం డబ్బులు మింగేది రుచి కాదు, మత్తు. పర్మిట్ రూములో నిలబడి ప్లాస్టిక్ గ్లాసును ఒక్క గుక్కలో దించేవాడికి రుచి అడ్డం. రుచి చూడాలంటే నెమ్మదిగా, కొద్దిగా తాగాలి. మా సాయంత్రాలకు మనిషికి ఇంతేనని మీరే హద్దు పెట్టండి, అది దాటితే మూయించండి. ఈ షరతును మీ దుకాణాలకు కూడా పెట్టగలరా అని మాత్రం అడగం, ఖజానా బెంగపడుతుంది.

ఇక ఇప్పసారా. దాన్ని గుడుంబాతో ఒకే గాట కట్టేస్తారు. గుడుంబా బెల్లం, పటికలతో కాచేది. ఇప్పసారా ఎండలు ముదిరేవేళ తెల్లవారుజామున రాలే ఇప్పపువ్వును ఏరి, ఎండబెట్టి, నానబెట్టి, పులిసాక కాచేది. గోండుల దేవర కార్యాల్లో దానికి చోటుంది. ఆ పువ్వుతోనే ఉట్నూరులో ఆదివాసీ మహిళలు లడ్డూలు చేస్తే మెచ్చుకుంటున్నాం. లడ్డూ అయితే పౌష్టికాహారం, చుక్క అయితే నేరం. మధ్యప్రదేశ్ ఇప్పసారాను వారసత్వ మద్యంగా గుర్తించింది, గోవా ఫెనీకి 2009లోనే భౌగోళిక గుర్తింపు దక్కింది. పట్నం వ్యాపారులు వచ్చి అడవిని దోచుకుంటారన్న భయం న్యాయమైనదే. దానికి మందు కొత్తగా కనిపెట్టక్కర్లేదు. షెడ్యూల్డు ప్రాంతాల్లో మత్తుపదార్థాలను నిషేధించాలా, నియంత్రించాలా అన్న అధికారాన్ని 1996 నాటి పీసా చట్టం గ్రామసభ దాకా తెచ్చింది. గూడెం వద్దంటే మూడో సాయంత్రం రద్దు.

కరీంనగర్ వెండి నగిషీకి, నిర్మల్ బొమ్మకు, ఆదిలాబాద్ డోక్రాకు భౌగోళిక గుర్తింపు ఉంది. అంటే మా చేతులకు సర్కారు ముద్ర పడింది. అమ్మవారికి సాక పోసేటప్పుడు మంచి కల్లే వెతికి తెచ్చే మా నాలుకలకు మాత్రం పడలేదు. మొదటి సాయంత్రానికి మీరే ముఖ్య అతిథి. పొద్దున ఒక రేక, మాపటికి ఒక రేక పడతాం. రెండూ ఒకేలా ఉంటే అక్కడికక్కడే మా మీద కేసు రాయండి.

ఇట్లు,
రుచి తప్ప వేరే దురాశ లేని
ఒక నాలుక