మారకపు పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక

పాత కారును షోరూములో అప్పగించి, దాని ఖరీదును కొత్త కారు ధరలో తగ్గించుకుని, కొత్తదాన్ని ఇంటికి తోలుకొచ్చే క్రియను లోకం ఎక్స్ఛేంజ్ అంటుంది. పెళ్ళికి పద్యాలున్నాయి, ప్రయాణానికి ఉన్నాయి, చివరికి ఆవకాయకూ ఉన్నాయి. ఈ క్రియకు మాత్రం ఉన్నది ఒక్క ఆటవెలది. కవి పేరు దొరకలేదు. డెలివరీ ముహూర్తం దాటిపోతుంటే షోరూము సోఫాలో కూర్చుని, మిషను కాఫీ తాగుతూ చెప్పి ఉంటాడని వ్యాఖ్యాతల ఊహ. పద్యంలో తీపి తక్కువ కావడం ఇందుకు ఉపపత్తి.

మూలం

తాత కొన్న కారు, తండ్రి తోమిన కారు
మనుమ డిచ్చి వచ్చె మారకముగ
కొత్త తెల్ల బండి కూర్చుండె వాకిట
పాత దేగె నెటకొ పలుక డొకడు

ప్రతిపదార్థం

తాత = ఇంటి పెద్ద, కొన్న = పేరు రాయించుకుని, ఏళ్ళ తరబడి వరుసలో వేచి సంపాదించిన, కారు = నాలుగు చక్రాల బండిని; తండ్రి = ఆ పెద్ద కొడుకు, తోమిన = ప్రతి ఆదివారం చొక్కా విప్పి పాత బనియనుతో రుద్దిన, కారు = ఆ బండినే; మనుమడు = వాయిదాలు కట్టగలవాడు, మారకముగ = ఎక్స్ఛేంజ్ కింద, ఇచ్చి = ఆర్.సి.తో, రెండు తాళంచెవులతో, సంతకం పెట్టిన 29, 30 ఫారాలతో అప్పగించి, వచ్చెన్ = ఇల్లు చేరెను; కొత్త = సీట్ల మీది ప్లాస్టిక్ ఇంకా తీయని, తెల్ల బండి = తెల్లరంగు చిన్న కారు, వాకిట = వీధి గుమ్మం ముందు, పక్కింటివారి గేటుకు సగం అడ్డంగా, కూర్చుండెన్ = నిలిచెను; పాతది = తొల్లింటిది, ఎటకొ = ఎక్కడికో, ఏగెన్ = పోయెను; ఒకడు = ఒక్కడైనా, పలుకడు = ఆ సంగతి ఎత్తడు.

తాత్పర్యం

మూడు తరాలు చూసిన కారు పోయి, ఏడేళ్ళ వాయిదాల కారు వచ్చెనని భావము.

విశేషాంశాలు

‘కొన్న’ అన్న మాటను ఈనాటి అర్థంలో తీసుకోరాదు. ఇప్పుడు కారు కొనమని షోరూము వాళ్ళే రోజుకు రెండుసార్లు ఫోన్ చేస్తారు. ఆ రోజుల్లో డబ్బున్నా కారు లేదు. పేరు రాయించుకున్నాక వరుస వచ్చేదాకా ఏళ్ళు గడిచేవి. పెళ్ళికని బుక్ చేసిన కారు బారసాలకు దిగిన ఇళ్ళున్నాయి.

ఇంతకీ ఏ కారు? కవి చెప్పలేదు. ఇక్కడ వ్యాఖ్యాతల్లో మూడు మతాలు. మద్రాసులో స్టాండర్డ్ మోటార్స్ వారు చేసిన హెరాల్డ్ అని ఒకరు. అది నిలవదు, హెరాల్డ్‌ను మూడు తరాలు ఉంచుకున్నవాడికి ఇంటి పక్కనే మెకానిక్కు ఉండి తీరాలి, పద్యంలో మెకానిక్కు లేడు. ప్రీమియర్ పద్మిని అని ఇంకొకరు. బొంబాయిలో తయారైన ఫియట్ 1100 బండికే 1970ల్లో ఆ పేరు వచ్చింది. శాస్త్రకారులు నాయికలను పద్మిని, చిత్రిణి, శంఖిని, హస్తిని అని నాలుగు జాతులుగా చెప్పారు. కంపెనీవారు మొదటి జాతిని పట్టుకుపోయారు. నాలుగో జాతికి చెందిన కారు ఒకటుందనీ, అదే అంబాసిడర్ అనీ నా మతం, పద్యంలోదీ అదే. రుజువు ‘తోమిన’ అన్న పదంలోనే ఉంది.

కారును కడుగుతారు, తుడుస్తారు, తోమరు. తోమేది గిన్నెలను గదా అని వైయాకరణుల ఆక్షేపణ. అంబాసిడర్ బంపరును చూసినవారెవరూ ఈ మాట అనరు. అది గుండిగను సాగదీసి కారుకు బిగించిన లోహం. తోమితేనే తళతళ, తోమకపోతే తుప్పు. బ్రిటన్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌ను ఒరవడిగా పెట్టుకుని హిందుస్థాన్ మోటార్స్ వారు బెంగాల్‌లోని ఉత్తరపారాలో 1950ల చివర మొదలుపెట్టి, 2014 మే దాకా ఆ బండిని చేస్తూనే ఉన్నారు. మార్క్ టూ, మార్క్ త్రీ, మార్క్ ఫోర్, నోవా అని పేర్లు మారాయి, లోపల ఇంజన్లూ మారాయి. బయటి రూపు మాత్రం తాత గుర్తుపట్టలేనంతగా ఎప్పుడూ మారలేదు. పాత మోడళ్ళలో ముందు సీటు ఒకే బల్ల, గేరు కర్ర స్టీరింగు కింద. ముందు ముగ్గురు, వెనక ఎందరని ఎవరూ లెక్కపెట్టలేదు.

తాత కొన్నాడు, తండ్రి తోమాడు. మరి నడిపిందెవరు? ఇక్కడ ‘డ్రైవరు’ అన్న పదాన్ని అధ్యాహారం చేసుకోవాలి. తాతకు స్టీరింగు రాదు. తండ్రికి వచ్చుగానీ తాత ఇవ్వలేదు. తాళంచెవి తండ్రి చేతికొచ్చేసరికి ఆయనకు మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాయి, ఆ బండికి పవర్ స్టీరింగు లేదు. అందుకే ‘తండ్రి నడిపిన కారు’ అనలేదు కవి. గణాలు కుదరకపోవడం వల్ల కాదు, ‘నడిపిన’కు గణాలు కుదిరించడం ఎంతసేపు! సత్యం కుదరలేదు.

‘మనుమ డిచ్చి వచ్చె’. ఇక్కడ ‘మనుమ డమ్మి వచ్చె’ అని పాఠాంతరం. గణాలకు రెండూ సరిపోతాయి. ‘డమ్మి’ అనే చోట శ్లేష ఉందనీ, డెలివరీ ఫొటోలో మనుమడి చేతికిచ్చే మూరెడు అట్టతాళంచెవికి అది సూచన అనీ ఒక రసికుడి వ్యాఖ్య. ముచ్చటగానే ఉంది. అయినా ‘ఇచ్చి’ అన్నదే సాధుపాఠం. అమ్మడమంటే ఇద్దరు బేరమాడాలి. ఎక్స్ఛేంజ్‌లో పాత కారుకు బేరం లేదు. ఉన్న బేరమంతా కొత్తదానికే. ఎలాగంటారా?

షోరూము తరఫున పాత బండ్లు చూసే కుర్రవాణ్ణి ఎవాల్యుయేటర్ అంటారు. చేతిలో ట్యాబ్ పట్టుకుని బండి చుట్టూ తిరుగుతాడు, అదీ అప్రదక్షిణంగా. బానెట్ ఎత్తి ఆయిల్ గేజీ లాగి చూస్తాడు. డోరు రబ్బరు బీడింగు కొంచెం పీకి, లోపలి రేకు మీద వెల్డింగు మచ్చలున్నాయేమోనని వేలితో తడుముతాడు.

“మోడల్ ఎంత సార్?” అంటాడు.

“డెబ్బై ఎనిమిది బాబూ. మార్క్ త్రీ. ఇంజను కంపెనీదే, ఒక్కసారే బోరు చేయించాం” అంటాడు తండ్రి, కంపెనీవారు వెనక్కి తీసుకెళ్ళి మ్యూజియంలో పెట్టబోతున్నంత వినయంగా.

ట్యాబ్‌లో సంవత్సరాల పట్టీ కిందికి, ఇంకా కిందికి జరుపుతాడు కుర్రవాడు. డెబ్బై ఎనిమిది రాదు. పట్టీ ఎక్కడో రెండువేల ఐదు దగ్గర ఆగిపోయి, దాని కింద ‘ఇతరములు’ అని ఉంటుంది. అది నొక్కుతాడు. “బండికి ఏమీ రాదు సార్. ఎక్స్ఛేంజ్ బోనస్ ఉంది, అది వేస్తాం” అంటాడు.

ఇక్కడ బోనస్ అంటే ఏమిటో పాఠకులు గ్రహించాలి. అది పాత కారుకిచ్చే వెల కాదు, కొత్త కారు కదలడానికి కంపెనీ పెట్టుకున్న ఖర్చు. అంబాసిడర్ ఇచ్చినా అంతే, సొట్టలు పోయిన ఇండికా ఇచ్చినా అంతే. అంటే మనుమడు కారును ఉచితంగా ఇచ్చాడు, తగ్గింపును వేరే పుచ్చుకున్నాడు. రెండూ ఒకే కాగితం మీద ఉండడం వల్ల అమ్మకం అనే భ్రాంతి కలుగుతుంది. ఇది రజ్జుసర్పభ్రాంతి వంటిదే. కనుక ‘ఇచ్చి’.

శంక: ఇంత అపురూపమైన కారును ఊరందరికీ ఉన్న కారు కోసం ఇచ్చేవాడు అవివేకి కాడా?

సమాధానం: కాడు. ఇచ్చేనాటికి అది అపురూపం కాదు, పాత కారు. లీటరుకు పది కిలోమీటర్లు వస్తే పండగ. ఏసీ లేదు, ఎయిర్‌బ్యాగు లేదు. చెవి ఆనించి కార్బొరేటరు సర్దే మేస్త్రీ పని మానేశాడు, ఆయన కొడుకు స్కానరు తగిలించనిదే ఏ బండినీ ముట్టుకోడు. వాన వస్తే ఆగే బండిలో పిల్లలను బడికి దింపమని ఏ అలంకారశాస్త్రమూ చెప్పలేదు. ఇంకొక సూక్ష్మముంది. ఊళ్ళో నూరు అంబాసిడర్లుంటే వాటిని టాక్సీలంటారు. తొంభై తొమ్మిదిమంది తమవి షోరూముకో తూకానికో వదిలేసినప్పుడే నూరోవాడిది క్లాసిక్ అవుతుంది. ర్యాలీలో బంతిపూల దండ వేసుకున్న బండి పక్కన తలపాగాతో ఫొటో దిగే ఆసామి, ఆ తొంభై తొమ్మిదిమంది మనుమలకూ ఋణగ్రస్తుడు. పేరుకు కూడా ఇదే న్యాయం. బండి ఆగిపోయిన మూడేళ్ళకు, 2017లో, ‘అంబాసిడర్’ అన్న ఆ పేరును ఫ్రాన్స్‌కు చెందిన ప్యూజో వారు 80 కోట్ల రూపాయలకు కొన్నారు. పేరుకు 80 కోట్లు, బండికి ‘ఇతరములు’.

ధర్మశాస్త్రం ఏమంటున్నదో కూడా చూడాలి. సొంత కారుకు మొదటి రిజిస్ట్రేషను పదిహేనేళ్ళు చెల్లుతుంది. ఆ పైన బండిని చూపించి ఐదేసి ఏళ్ళు పొడిగించుకోవాలి. దానికి రుసుము 600 ఉండేది, 2022 ఏప్రిల్‌లో 5,000 చేశారు. మరోవైపు 2021లో వింటేజ్ వాహనాలకు వేరే నియమాలొచ్చాయి: యాభై ఏళ్ళు నిండి, రూపు మారకుండా ఉన్న బండికి నంబరులో ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేక గౌరవం, 20,000 రుసుము, రోజూ తిప్పరాదని నిషేధం. పదిహేనుకు ముందు కారు, యాభై తరువాత వింటేజ్. నడుమ ముప్ఫై ఐదేళ్ళు అది త్రిశంకువు. ఆ స్వర్గంలో పేరు లేదు, ఈ భూమ్మీద విలువ లేదు. మార్పిడులన్నీ ఆ నడిమి కాలంలోనే జరుగుతాయి. మన డెబ్బై ఎనిమిది మార్క్ త్రీకి కూడా అవతలి ఒడ్డు కూతవేటు దూరంలోనే ఉండెను. దానికి మనుమడి ఓపిక సరిపోయిందిగానీ వాకిలి సరిపోలేదు.

పాశ్చాత్య శాఖలో ఇదే క్రియను రాజాజ్ఞగా చేశారు. అమెరికాలో 2009 వేసవిలో, తక్కువ మైలేజీ ఇచ్చే పాత బండి ఇచ్చి కొత్తది కొన్నవారికి సర్కారు 3,500 లేక 4,500 డాలర్లు ఇచ్చింది. రెండు నెలలైనా నిండకుండా దాదాపు 6 లక్షల 80 వేల బండ్లు చేరాయి. అక్కడ ‘ఎటకొ’ అనడానికి వీల్లేదు, ఎటో అందరికీ తెలుసు. ఇంజను ఆయిల్ తీసేసి, సోడియం సిలికేట్ ద్రావణం పోసి, ఇంజను బిగుసుకుని ఆగేదాకా డీలరే నడిపించాలి. ఆ తరువాత తుక్కే. ఇరవై ఐదేళ్ళు దాటిన బండ్లు మాత్రం ఈ పథకానికి పనికిరావు. ముసలితనం వాటిని కాపాడింది. నడివయసు బండ్లను కాపాడిన నియమం లేదు గనుక ఇక్కడా త్రిశంకువులే బలి. ప్రజలు ఎక్కువగా వదిలినది ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్, ఎక్కువగా కొన్నది టయోటా కొరోలా. అక్కడికి వెళ్ళిన మన తెలుగువారికి కొరోలా ఇలవేల్పు కనుక ఈ భాగానికి వేరే టీక అక్కర్లేదు.

‘తెల్ల’. ఈ విశేషణం వ్యర్థమనీ, పాదపూరణకు వేశాడనీ ఒక విమర్శ. నేను ఒప్పుకోను. పద్యంలో ఘోరమైన మాట ఇదే. మనుమడి భార్య ఎరుపు అడిగింది. సేల్స్ కుర్రవాడు “తెలుపు తీసుకోండి మేడమ్, రీసేల్ ఉంటుంది” అన్నాడు. కొబ్బరికాయ కొట్టకముందే, నిమ్మకాయలు నలగకముందే, ఆ బండిని మళ్ళీ వదిలించుకునే రోజును లెక్కలోకి తీసుకుని రంగు నిర్ణయమైంది. నాలుగో పాదం మూడో పాదంలోనే బీజరూపంగా ఉన్నదని గ్రహించవలెను. అంబాసిడర్‌కు తాత ఏ రంగు ఎంచుకున్నాడంటే, ఎంచుకోలేదు. వరుస వచ్చినప్పుడు ఏది ఉంటే అది.

‘కూర్చుండె’ అనడంలో చమత్కారం ఉంది. కొత్త అల్లుడు పీట మీద కూర్చున్నట్టు అది కూర్చుంది. ఎవరూ ఆనుకోకూడదు, పిల్లలు తలుపు గట్టిగా వేయకూడదు. పాతదాని బానెట్ మీద వడియాలు ఎండబెట్టిన చెయ్యి దీని దగ్గరికి రావడానికి జంకుతుంది.

ఇక నాలుగో పాదం. ‘పలుక డొకడు’ అన్నచోట ‘పలుక డతడు’ అని కొన్ని ప్రతుల్లో ఉంది. అతడు ఎవరు? డీలరని కొందరు. డీలరు ఎందుకు పలుకుతాడు? పాత బండ్లను ఆయన ఉంచుకోడు. ఫొటోలు బ్రోకర్ల గ్రూపులో పడతాయి, ఎక్కువ చెప్పినవాడు వచ్చి లాక్కుపోతాడు. అక్కడినుంచి అది ఆటోనగర్‌లో విడిభాగాలు కావచ్చు, మద్రాసు పుదుపేటలో రేకులు కావచ్చు, సినిమావాళ్ళ పీరియడ్ సీను కావచ్చు. ఇంట్లోవాళ్ళు మాత్రం ఎక్కడికని అడగరు. అడిగితే తెలుస్తుందని భయం. కనుక ‘ఒకడు’ అన్న పాఠంలోనే ఇల్లంతా ఇముడుతుంది.

అయితే సంప్రదాయం గమనించని సంగతి ఒకటుంది: పాతదే పలికింది. 29, 30 ఫారాలు సంతకాలతో బ్రోకరు అరలో ఉండిపోయాయి, పేరు మారలేదు. రిజిస్టరైన డీలరుకు బండి అప్పగించినట్టు ఆర్టీఏకు తెలియజేస్తే ఆ తరువాతి బాధ్యత డీలరుదే అనే నియమం 2023 ఏప్రిల్ నుంచి ఉన్నదిగానీ, తెలియజేయాలన్న సంగతి మనుమడికి ఎవరూ తెలియజేయలేదు. నాలుగు నెలలకు అతని ఫోనుకు ఈ-చలాన్ వచ్చింది. ఫొటోలో అదే నంబరు, అదే వీపు, ఔటర్ రింగ్ రోడ్డు. నేరం: అతివేగం. తండ్రి కళ్ళద్దాలు పెట్టుకుని ఫొటోను రెండు వేళ్ళతో పెద్దది చేసి, “మన బండా? అతివేగమా?” అని అడిగి, సమాధానం కోసం ఆగకుండా దాన్ని చుట్టాల గ్రూపులో పెట్టాడు. జరిమానా 1,000, యూజర్ చార్జీలు 35. మనుమడు కట్టాడు.