ఓడటానికీ ఓ ప్రణాళిక

ఐపీఎల్‌లో డబ్బున్నవాడు ఆటగాణ్ణి వేలం పాడుకుంటాడు. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ధర్మం వేరు. కిందటి సీజన్లో ఎక్కువగా చితికిపోయిన జట్లే కొత్త కుర్రాళ్లను ఎంచుకునే వరసలో ముందు నిలబడతాయి. ఎవరు ఎక్కడన్నది లాటరీ తేలుస్తుంది. ఆ వరసలో చోటుని 'పిక్' అంటారు. నాలుగైదేళ్ల తర్వాతి పిక్కుని కూడా ఇవాళే బేరం పెట్టుకోవచ్చు. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అని మనం నవ్వుకుంటాం గానీ, అక్కడ సోమలింగానికి మార్కెట్లో రేటుంది.

2013 జూన్ 27న బ్రూక్లిన్‌లోని బార్‌క్లేస్ సెంటర్లో ఆ ఏటి కుర్రాళ్ల ఎంపిక, అంటే డ్రాఫ్ట్, జరిగింది. ఆ ఒక్క రాత్రే రెండు బేరాలు కుదిరాయి. ఫిలడెల్ఫియా సెవెంటీసిక్సర్స్‌కి కొత్తగా వచ్చిన జనరల్ మేనేజర్ శామ్ హింకీ, అప్పుడప్పుడే ఆల్‌స్టార్ అయిన 23 ఏళ్ల జ్రూ హాలిడేని న్యూ ఆర్లీన్స్‌కి ఇచ్చేశాడు. బదులుగా మోకాలు దెబ్బతిని ఆటకి దూరమైన ఒక కుర్రాణ్ణీ, మరుసటి ఏడాది పిక్కునీ తెచ్చుకున్నాడు. నిదానమే ప్రధానం! ఇక బ్రూక్లిన్ నెట్స్ వారు 37 ఏళ్ల కెవిన్ గార్నెట్‌నీ 35 ఏళ్ల పాల్ పియర్స్‌నీ బోస్టన్ నుంచి రప్పించుకున్నారు. అందుకు 2014, 2016, 2018 మొదటి రౌండ్ పిక్కులు ఇచ్చేసి, చాలదన్నట్టు 2017లో కావాలంటే మా చోటు మీరు తీసుకోండని రాసిచ్చారు. ఆలస్యం అమృతం విషం!

నెట్స్ ఓనరు అప్పట్లో రష్యా కుబేరుడు మిఖాయిల్ ప్రోఖొరోవ్. జట్టు కొన్నప్పుడే అయిదేళ్లలో కప్పు తెస్తానని మాటిచ్చాడు. తేలేకపోతే పెళ్లి చేసుకుని తనను తానే శిక్షించుకుంటానన్నాడు. ఆ సీజనుకి, జీతాలు హద్దు దాటినందుకు లీగ్ వేసే లగ్జరీ ట్యాక్స్ ఒక్కటే 9 కోట్ల డాలర్ల దాకా కట్టాడు. జట్టు 44 మ్యాచులు గెలిచి, రెండో రౌండ్లో మయామీ చేతిలో ఓడి ఇంటికొచ్చింది. పియర్స్ ఏడాదికే సర్దుకున్నాడు. అయిదేళ్లూ గడిచాయి. కప్పూ రాలేదు, శుభలేఖా రాలేదు.

ఫిలడెల్ఫియా కథ ఇంకా రసవత్తరం. అక్కడ ఓటమికి శాస్త్రీయత అబ్బింది. మొదటి ఏడు 19 గెలుపులు, మధ్యలో వరసగా 26 ఓటములు. రెండో ఏడు 18. మూడో ఏడు 10 గెలుపులు, 72 ఓటములు. 82 మ్యాచుల సీజన్లో అతి తక్కువ గెలుపుల రికార్డు తొమ్మిది, అదీ 1972-73లో ఇదే జట్టుది. వంశప్రతిష్ఠకి ఒక్క గెలుపు అడ్డమొచ్చింది. 2014లో తెచ్చుకున్న జోయెల్ ఎంబీడ్ పాదం విరిగి రెండు సీజన్లు సూటు తొడుక్కుని కూర్చున్నాడు. గ్యాలరీల్లో మాత్రం హింకీ ప్రణాళికకి 'ప్రాసెస్' అని పేరుపెట్టి, 'ప్రాసెస్‌ని నమ్మండి' అని జపం. నమ్మారు కూడా! భక్తి అంటే అది.

ఒక్కమాట చెప్పాలి. కావాలని ఓడిన ఆటగాడు అక్కడెవడూ లేడు. పది రోజుల కాంట్రాక్టు మీద వచ్చినవాడు, పదకొండో రోజు ఉద్యోగం ఉంటుందో లేదో తెలియనివాడు, బంతి కోసం నేలమీద పడి దొర్లుతాడు. వాడు ప్రాణం పెట్టి ఆడినా ఓడేలా జట్టుని కూర్చడమే పై అంతస్తులో కూర్చున్నవారి ప్రతిభ.

2016 ఏప్రిల్లో హింకీ రాజీనామా చేశాడు. 13 పేజీల ఉత్తరం. అందులో లింకన్ ఉన్నాడు, వారెన్ బఫెట్ ఉన్నాడు, న్యూజిలాండ్‌లో అంతరించిపోయిన మోవా పక్షి ఉంది. లేనివల్లా గెలుపులే. ఆ మరుసటి నెలే లాటరీలో ఫిలడెల్ఫియాకి మొదటి నంబరు తగిలింది. ఓపిక గురించి మూడేళ్లు ప్రవచనం చెప్పినాయన ప్రసాదం వేళకి గుడిలో లేడు.

తర్వాత వచ్చినవారికి ఓపిక తగ్గింది. 2017లో తమ మూడో పిక్కుకి మరో పిక్కు కలిపి బోస్టన్‌కిచ్చి, మొదటి నంబరు కొని మార్కెల్ ఫుల్ట్స్‌ని ఎంచుకున్నారు. పాపం ఆ పిల్లాడు భుజం బాధతో బంతి వేయడమే మర్చిపోయాడు. ఆ మూడో నంబరుతో బోస్టన్ ఎంచుకున్నది జేసన్ టాటమ్‌ని. ఇంతకీ బోస్టన్ అమ్మిన ఆ మొదటి నంబరు ఎక్కడిది? బ్రూక్లిన్ రాసిచ్చినదే. ముసలి హీరోల కోసం ఆ కాగితం రాసిచ్చేనాటికి టాటమ్‌కి 15 ఏళ్లు.

2024లో బోస్టన్ కప్పు గెలిచింది. జట్టులో టాటమ్, బ్రూక్లిన్ ఇచ్చిన 2016 పిక్కుతో వచ్చిన జేలెన్ బ్రౌన్, చేతులు మారి మారి అక్కడికి చేరిన జ్రూ హాలిడే. నిదానమూ తొందరా చెరో చెయ్యీ వేసి మూడోవాడి ఇల్లు కట్టాయి. ఫిలడెల్ఫియాకి పుష్కరం తిరిగింది. 2025లో లెక్క చూస్తే 24 గెలుపులు, 58 ఓటములు, మళ్లీ లాటరీ.

వాదానికి దిగితే రెండు పక్షాలకీ సాక్ష్యాలున్నాయి. ఓక్లహోమా సిటీ 2021 డిసెంబరులో మెంఫిస్ చేతిలో 73 పాయింట్ల తేడాతో ఓడి, ఓపికపట్టి, 2025లో చాంపియన్ అయింది. టొరంటో ఒకే ఒక్క ఏడాది కాంట్రాక్టు మిగిలిన కవాయ్ లెనార్డ్‌ని తెచ్చి 2019లో కప్పు కొట్టింది. దారిలో ఫిలడెల్ఫియాని ఏడో మ్యాచులో, రింగు మీద నాలుగుసార్లు ఎగిరి లోపలికి జారిన బంతితో సాగనంపింది. ఏ సిద్ధాంతమైనా గెలిచినవాడి నోట వింటే ఇంపుగానే ఉంటుంది.

నాకు తేడా కనిపించేది ఖర్చు దగ్గరే. సహనం అభిమానిది, జీతం మేనేజరుది. తొందర ఓనరుది, అప్పు తర్వాత వచ్చేవాడిది.

అందుకని చిన్న సవరణ ప్రతిపాదిస్తున్నాను. అయిదేళ్లు ఓపికపట్టమనే మేనేజరుకి జీతం పిక్కుల్లో ఇవ్వాలి. ఇప్పుడో మూడు రెండో రౌండ్ పిక్కులు, మిగతాది 2031లో, అదీ లాటరీ తగిలితేనే. ఇప్పుడే గెలవాలి అనేవాడికి అయిదేళ్ల జీతం మొదటి నెలలోనే ఇచ్చి, మిగతా 59 నెలలూ ఉత్తిపుణ్యానికి పనిచేయించాలి. అభిమాని టికెట్టు డబ్బు జట్టు ఫైనల్‌కి చేరిన రోజున కడతాడు. అందాకా గేటు దగ్గర అతణ్ణి ఎవరైనా ఆపితే, జేబులోంచి 13 పేజీల ఉత్తరం తీసి చూపిస్తాడు.